జార్జిటౌన్‌లో పాత ఇల్లు ఎవరి ఖర్చుతో నిలవాలి?

చెన్నై పాతబస్తీ అయిన జార్జిటౌన్‌లోని దేవరాజ ముదలి వీధిలో అద్దాల దుకాణాలూ పటాల దుకాణాలూ దాటుకుని వెళితే పక్కపక్కనే చెన్నకేశవస్వామి, చెన్నమల్లేశ్వరస్వామి ఆలయాలు కనిపిస్తాయి. పట్నం కోవెల అని పాతవాళ్ళు పిలుచుకునే ఈ జంట దేవళాలు మొదట వెలసింది ఇక్కడ కాదు. 1639లో దామెర్ల నాయకుల నుంచి ఇంగ్లీషు కంపెనీ ఈ ఇసుకతీరాన్ని పొందిన తరువాత, కంపెనీకి దుబాషీగా ఉన్న తెలుగువాడు బేరి తిమ్మన్న పూనికతో వెలసిన గుడి ఇప్పటి హైకోర్టు ఆవరణ ప్రాంతంలో ఉండేది. దానిని 1757లో కంపెనీవారే పడగొట్టారు. 1746లో తమ సెయింట్ జార్జి కోట ఫ్రెంచివారి చేతికి చిక్కి, 1749లో మళ్ళీ తమ చేతికి వచ్చాక, కోటగోడకు ఎదురుగా కిక్కిరిసిన బస్తీ ఉండటం ప్రమాదమని తలచి, ఇళ్ళన్నీ తొలగించి ఫిరంగులకు అడ్డులేని మైదానం చేసుకున్నారు. ఆ మైదానం హద్దులు చూపడానికి 1773లో నాటిన ఆరు స్తంభాలలో ఒకటి పారిస్ కార్నర్‌లోని డేర్ హౌస్ దగ్గర ఇప్పటికీ ఉంది. గుడికి పెద్దనాయకన్‌పేటలో వేరే స్థలం దొరికింది. మణలి ముద్దుకృష్ణ ముదలియారు పూనుకుని 1760లలో దానిని మళ్ళీ కట్టించారు. ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు మైదానానికి అవతల, ముత్యాలపేటలోనూ పెద్దనాయకన్‌పేటలోనూ, కొత్త ఇళ్ళు కట్టుకున్నారు.

ఈ చరిత్రను ముందుగా చెప్పడానికి కారణం ఉంది. జార్జిటౌన్ ఆదినుంచీ ఇలాగే ఉందనీ, ఒక్క గోడను ముట్టుకున్నా పాపమనీ వాదించే మిత్రులు నాకున్నారు. ఇక్కడ ప్రతి ఇల్లూ మరో ఇల్లు పోయినచోట లేచిందన్న సంగతిని వారు గుర్తించాలని నా కోరిక. అయితే ఇదే చరిత్రను చేతపట్టుకుని, ఎప్పుడూ పడగొడుతూనే ఉన్నారు కదా, ఇప్పుడు మేము పడగొడితే వచ్చిన నష్టమేమిటని అడిగే బిల్డర్ల మాట కూడా నిలిచేది కాదు. ఆ రెండు పేటలలో రెండువందల యాభై ఏళ్ళుగా ఇళ్ళు మారాయి, అంతస్తులు పెరిగాయి, పెంకు పోయి మిద్దె వచ్చింది, మిద్దె పోయి స్లాబు వచ్చింది; కాని ఇంటిస్థలం కొలత మారలేదు. వీధి మీదకు సన్నగా, వెనక్కి పొడవుగా, పక్కింటి గోడా మన గోడా ఒకటిగా ఉండే ఆ కొలతే ఈ పేటను ఈ పేటగా నిలిపింది. కాపాడవలసినది ముందుగా దానినే. దానిని కాపాడమని యజమానిని అడిగే ఊరు ఆ ఖర్చులో పాలు పంచుకోవాలి. ఈ వ్యాసమంతా ఈ రెండు మాటల కోసమే రాస్తున్నాను.

ఈ విషయంలో నేను దూరం నుంచి మాట్లాడేవాణ్ణి కాను. మా తాతగారు నెల్లూరు వైపు నుంచి కిరాణా వ్యాపారానికి వచ్చి, కొత్వాల్ చావడికి నడిచివెళ్ళేంత దూరంలో కొన్న ఇంట్లో మా పెద్దమ్మ ఇప్పటికీ ఉంటోంది. కింద వీధివైపు దుకాణం, దాని పక్కన సన్నని నడవ, నడవ దాటితే మండువా, మండువా చుట్టూ గదులు, వెనుక నుయ్యి, పైన మరో రెండు అంతస్తులు. ఒకప్పుడు దుకాణం ముందు అరుగు ఉండేది. రోడ్డు ఎత్తు పెంచుకుంటూ పోయినకొద్దీ అది నేలలో కలిసిపోయి, ఇప్పుడు వాన పడితే నీళ్ళు వీధిలోంచి ఇంట్లోకి వస్తాయి. ఇంటికి ఇప్పుడు వాటాదార్లు చాలామంది. కొందరు అన్నానగర్‌లో, ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు సముద్రాల అవతల ఉన్నారు. ఇంటిని డెవలప్‌మెంటుకి ఇవ్వాలా వద్దా అన్న మాట ప్రతి పెళ్ళిలోనూ ప్రతి తద్దినంలోనూ వస్తుంది. ఒకసారి నేను మండువా గురించీ టేకు స్తంభాల గురించీ ఎక్కువగా మాట్లాడితే, మా పెద్దన్నయ్య ఎంతో శాంతంగా, "తమ్ముడూ, ఆ స్తంభాల మీద నీకున్న ప్రేమకు వెలకట్టి నా వాటా నువ్వు కొనుక్కోగలవా?" అని అడిగాడు. అందులో కోపం లేదు. కూతురి చదువుకు అప్పు చేసిన మనిషి అడగవలసిన ప్రశ్నే అది. వారసత్వ సంరక్షణ గురించి మన ఊళ్ళో జరిగే సభలలో ఈ ప్రశ్నకు జవాబు ఇంతవరకు నాకు వినిపించలేదు.

ఆ ఇల్లు పాడుబడటానికి కారణం మా అశ్రద్ధ ఒక్కటే కాదు. పేటలో ఏ పాత ఇంటిని తీసుకున్నా కథ దాదాపు ఇదే. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం అద్దెకున్నవారికి గొప్ప అండ. ఊరికి కొత్తగా వచ్చి చిన్న దుకాణం పెట్టుకున్న మనిషిని రాత్రికి రాత్రి వీధిలో నిలబెట్టకుండా ఆపింది. కాని అద్దె పెంచాలంటే కోర్టు, ఖాళీ చేయించాలంటే కోర్టు, తీర్పు వచ్చేసరికి ఒక తరం గడిచిపోవడం. దానితో మార్కెట్‌లో పలికే అద్దెలో లేశమైనా రాని ఇళ్ళు పేటనిండా తయారయ్యాయి. నెలకు వచ్చే అద్దె సున్నం బస్తాలకు చాలనప్పుడు మిద్దె కారుతున్నా యజమాని పైకెక్కి చూడడు. అద్దెకున్నవాడు తనది కాని ఇంటికి డబ్బు పెట్టడు. ఇద్దరి మధ్య దూలం పుచ్చిపోతుంది. 2017లో చేసి 2019 నుంచి అమలుచేసిన కొత్త చట్టం పాతదాన్ని తొలగించి, రాతపూర్వకమైన ఒప్పందాలను తప్పనిసరి చేసింది. కొత్తగా అద్దెకిచ్చేవారికి అది మేలు చేసింది. పాత ఇళ్ళకు మాత్రం అది చాలా ఆలస్యంగా అందిన మందు, ఎందుకంటే అప్పటికే ఆ ఇళ్ళ దూలాలూ యజమానుల ఓపికా రెండూ అయిపోయాయి.

దూలం మాట వచ్చింది కనుక ఆ మిద్దె గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత ఇంటిని బాగుచేయడం అసాధ్యమని చెప్పేవారిలో చాలామందికి అది ఎలా కట్టారో తెలియదు. ఇంజనీర్లు మద్రాస్ టెర్రస్ అని పిలిచే ఈ సున్నపు మిద్దెలో గోడ నుంచి గోడకు టేకు దూలాలు వేసి, వాటి మీద సన్నని చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో, సున్నంతో పేరుస్తారు. దాని మీద ఇటుకజల్లీ సున్నమూ కలిపి పరచి, కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్ళు చల్లుతూ, ఆడవాళ్ళు వరుసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొడతారు. ఆపైన చదునైన పెంకుబిళ్ళలు పరుస్తారు. ఇలా కట్టిన కప్పు కింద మే నెలలో కూడా గది చల్లగా ఉంటుంది. సున్నం తేమను పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది గనుక, ఏడాదికొకసారి పైన శుభ్రం చేసి, నీరు పోయే తూములు మూసుకుపోకుండా చూసుకుంటూ, పగుళ్ళు సున్నంతోనే పూడ్చుకుంటే ఆ మిద్దె వందేళ్ళకు పైగా నిలుస్తుంది. జరిగేది వేరు. ఎక్కడ కారితే అక్కడ సిమెంటు పూస్తారు. సిమెంటు కింద చిక్కుకున్న తేమకు బయటికి పోయే దారి ఉండదు. అది గోడలోకి దిగి, గోడలో దూర్చిన దూలం చివరలను పుచ్చబెడుతుంది. పైకి బాగుచేసినట్టే కనిపిస్తుంది, పదేళ్ళలో కప్పు వంగుతుంది. 2023 ఏప్రిల్‌లో ఆర్మీనియన్ వీధిలో నాలుగంతస్తుల పాత భవనం కూలిపోయింది, అదీ లోపల మరమ్మతు పని సాగుతూ ఉండగా. ఆ కట్టడానికి ఏం జరిగిందో తేల్చవలసినవారు తేల్చాలి. నా మాట ఒక్కటే: పాత కట్టడం తత్త్వం తెలియని చేతుల్లో పెట్టిన మరమ్మతు కూల్చివేతకంటే ప్రమాదం కావచ్చు. పేటలో సున్నం పని తెలిసిన మేస్త్రీలను వెతుక్కోవలసి రావడం ఇప్పుడు మా ఇంటి సమస్య ఒక్కటే కాదు.

కొత్త కట్టడం కావాలనేవారి వైపు కూడా అంతే శ్రద్ధగా వినాలి. మా పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమె గది రెండో అంతస్తులో, స్నానాలగది కింద పెరట్లో. మెట్లు నిటారుగా, చీకటిగా, పక్కన పట్టుకోవడానికి ఒక తాడు మాత్రమే ఉండేటంత ఇరుకుగా ఉంటాయి. విద్యుత్తు తీగలు ఎవరి కాలంలో వేసినవో ఎవరికీ తెలియదు. పేటలో చాలా వీధుల్లోకి అగ్నిమాపక శకటం రాలేదు; ఆ వీధుల్లోనే బట్టల బేళ్ళు, కాగితపు రీములు, ప్లాస్టిక్ సామాన్లు, బాణసంచా కాలంలో బాణసంచా కూడా నిల్వ ఉంటాయి. కాలకృత్యాలకు చీకట్లో మెట్లు దిగవలసిన ముసలమ్మకు వాస్తుశైలి గొప్పతనం చెప్పడం నాకు చేతకాదు. లిఫ్టు, లోపలే స్నానాలగది, నిప్పంటుకోని వైరింగు, వాన వస్తే మునగని గడప ఇవి ఆమెకు న్యాయంగా చెందవలసినవి. పాత ఇల్లు నిలవాలంటే ముందు అందులో మనుషులు గౌరవంగా బతకగలగాలి. ఈ షరతును ఒప్పుకోని సంరక్షణవాదాన్ని నేను సమర్థించలేను.

అయితే పేటలో నిజంగా జరుగుతున్నది ఇల్లు పోయి మెరుగైన ఇల్లు రావడం కాదు. పక్కపక్క ఇళ్ళు రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు కలిపి కొంటారు. ఉమ్మడి గోడలు పోతాయి. కింది అంతస్తు మొత్తం వాహనాలకో గోదాముకో పోతుంది. పైన ఒకే కొలతలో కోసిన చిన్నచిన్న దుకాణాల అంతస్తులు, ఆపైన గోదాములు లేస్తాయి, మనుషులు ఉండే గది ఒక్కటీ మిగలదు. చెన్నై అభివృద్ధి నిబంధనలలో జార్జిటౌన్ వంటి చోట్లను కంటిన్యువస్ బిల్డింగ్ ఏరియాగా గుర్తించి, పక్కల ఖాళీ వదలకుండా గోడకు గోడ ఆనించి కట్టుకోవడానికి అనుమతిస్తారు. ఈ పేట స్వభావాన్ని అర్థం చేసుకున్న మంచి నియమం అది. కాని 2019లో రాష్ట్రమంతటికీ కలిపి తెచ్చిన కట్టడాల నిబంధనలలో మామూలు భవనాలకు ఎఫ్.ఎస్.ఐ., అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో చెప్పే లెక్క, 1.5 నుంచి 2కు పెరిగింది, ఎత్తయిన భవనాలకు 3.25 దాకా వెళ్ళింది. రోడ్డు వెడల్పూ స్థలం విస్తీర్ణమూ ఉన్నకొద్దీ లాభం పెరిగే లెక్కలో, సన్నని స్థలం ఉన్నవాడికి దక్కేది తక్కువ, నాలుగు స్థలాలు కలిపినవాడికి దక్కేది ఎక్కువ. నిబంధన ఎక్కడా పాత ఇళ్ళు కలపమని చెప్పదు. కలిపితేనే గిట్టుబాటయ్యేలా లెక్క తయారయింది.

స్థలాలు కలిసిపోతే ఏమవుతుందో వ్యాపారం చేసేవారికి నాకంటే బాగా తెలుసు. నైనియప్ప నాయకన్ వీధి, గోవిందప్ప నాయకన్ వీధి, గోడౌన్ వీధి, ఈవెనింగ్ బజారు, ఒక్కొక్క వీధికి ఒక్కొక్క సరుకు. ఆ వీధిలో పది అడుగుల ముఖం ఉన్న చిన్న దుకాణమైనా పెద్ద దుకాణానికి సమానంగా వీధిలోనే నిలబడుతుంది. కొనేవాడు నడుస్తూ నాలుగు దుకాణాలలో ధర అడిగి అయిదో దుకాణంలో కొంటాడు. మీన్‌బాడీ అనే మూడు చక్రాల సరుకుబండివాడు గడప దాకా వచ్చి సరుకు ఎత్తుకుంటాడు. అదే దుకాణం కాంప్లెక్సులో మూడో అంతస్తుకు పోతే, ఆ చిన్న వ్యాపారికి వీధి పోయినట్టే. అద్దెతో పాటు మెయింటెనెన్సు కట్టాలి, లిఫ్టు ఆగితే ఆ రోజు బేరం ఆగుతుంది. కొత్వాల్ చావడిలో కూరగాయలూ పళ్ళూ అమ్మిన టోకు బజారును 1996లో కోయంబేడుకు తరలించారు. ఆ తరలింపు ఊరికి అవసరమే. అన్ని లారీలు ఆ ఇరుకు వీధుల్లోకి రావడం ఎప్పటికీ సాగే పని కాదు. కాని బజారు వెళ్ళిపోయాక దానిని నమ్ముకున్న హమాలీలు, గోనెసంచులు కుట్టేవారు, టీ కొట్లవారు ఏమయ్యారన్నది ఎవరూ లెక్కపెట్టలేదు. మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయినప్పుడూ అంతే. ఆ స్థలంలో సబర్బన్ రైల్వే స్టేషను వచ్చింది, ఆ స్టేషను రోజూ లక్షలమందికి ఉపయోగపడుతున్నది. పాత పుస్తకాలవాళ్ళు మాత్రం పక్కన కట్టించి ఇచ్చిన చోట పూర్వపు జనం లేక చిక్కిపోయారు. ప్రజావసరం గొప్పదైనప్పుడు పాతది తప్పుకోవలసి రావచ్చు. అప్పుడు తప్పుకున్నవారి బతుకు లెక్క కూడా ప్రాజెక్టు ఖర్చులో రాయాలని నా వాదం.

కోర్టుకు వెళితే సరిపోదా అని కొందరు అడుగుతారు. మౌంట్ రోడ్డులోని భారత్ ఇన్సూరెన్స్ భవనం కథ దీనికి జవాబు. 1897లో ఒక మందుల వ్యాపారి కట్టించిన ఆ ఎర్ర భవనాన్ని 2006లో కూల్చడం మొదలుపెడితే, వారసత్వ సంరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ హైకోర్టుకు వెళ్ళి ఆపించింది. 2010 ఏప్రిల్‌లో వచ్చిన తీర్పు ఆ భవనాన్ని కూల్చరాదన్నది. ఊళ్ళోని వారసత్వ కట్టడాల సంగతి చూడటానికి ఒక కమిటీ ఉండాలన్నది. అంతకుముందే హోర్డింగుల కేసులో ఒక విశ్రాంత న్యాయమూర్తి కమిటీ తయారుచేసిన నాలుగువందలకు పైగా కట్టడాల జాబితాకు అలా ఒక విలువ వచ్చింది. ఆ తీర్పును నేను గౌరవిస్తాను, దాని కోసం పోరాడినవారికి ఈ ఊరు రుణపడి ఉంది. కాని తీర్పు తర్వాత ఏళ్ళు గడిచినా ఆ భవనం బాగుపడలేదు. రావిమొక్కలు గోడలను చీల్చుకుంటూ పెరిగాయి. అనిబిసెంటు కాలంలో హోమ్‌రూల్ ప్రసంగాలు మోగిన ఆర్మీనియన్ వీధి గోఖలే హాలు కూడా కొంత కూల్చివేతకు గురయ్యాక, కోర్టు వివాదంలో ఏళ్ళ తరబడి అలాగే శిథిలమవుతూ నిలిచింది. కూల్చకుండా ఆపడం కోర్టు చేయగలదు. మిద్దె ఎక్కి తూము శుభ్రం చేయడం కోర్టు పని కాదు. దానికి డబ్బు కావాలి, మేస్త్రీ కావాలి, ఏటేటా పూనుకునే ఒక మనిషి కావాలి. తమిళనాడు శాసనసభ 2012లోనే వారసత్వ సంఘం కోసం చట్టం చేసినా, అది అమలులోకి రావడానికి పదేళ్ళకు పైగా పట్టింది. ఆ పదేళ్ళలో పేటలో ఎన్ని మిద్దెలు దిగిపోయాయో ఏ జాబితాలోనూ లేదు, ఎందుకంటే మా ఇంటి వంటి ఇళ్ళు ఏ జాబితాలోకీ ఎక్కలేదు. జాబితా కోసం వచ్చేవారు గోపురాలు, గుమ్మటాలు, సర్కారు భవనాలు చూస్తారు. వరుసలో పదో ఇల్లుగా నిలిచిన దుకాణపు ఇంటికి విడిగా గొప్పతనం ఉండదు. దాని విలువ అంతా ఆ వరుసలో ఉంది.

మరి ఏం చేయాలి? మన దేశంలోనే పని చేసిన పద్ధతులు ఉన్నాయి. బొంబాయి 1995లో వారసత్వ నిబంధనలు తెచ్చినప్పుడు, జాబితాలోని భవనం యజమాని తన స్థలంలో కట్టుకోలేకపోయిన విస్తీర్ణాన్ని టి.డి.ఆర్. పత్రంగా తీసుకుని, వేరేచోట కట్టేవారికి అమ్ముకునే వీలు కల్పించింది. అక్కడ దానిలో లోపాలు వచ్చాయి. పత్రం అమ్ముకున్నాక భవనాన్ని పట్టించుకోని యజమానులు ఉన్నారు. కనుక మన దగ్గర అటువంటిది తెస్తే, డబ్బులో కొంత భాగం మరమ్మతుకే వెళ్ళేలా ముందే కట్టుదిట్టం చేయాలి. ఇంకా దగ్గర ఉదాహరణ పుదుచ్చేరి. అక్కడి తమిళుల పేటలో, వైశ్యాళ్ వీధిలో, ఇంటాక్ ఐరోపా సహాయంతో నడిపిన పథకంలో ఇళ్ళ ముఖాలను బాగుచేయడానికి ఇంటివారు కొంత, పథకం కొంత పెట్టుకున్నారు. ఒక్క భవనాన్ని ఎంచకుండా వీధి మొత్తాన్ని తీసుకోవడం అందులోని తెలివి. పక్కింటి అరుగు బాగుపడితే తమ అరుగు కూడా బాగుపడాలని ఇంటివారికే అనిపిస్తుంది. ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. చెన్నై నుంచి బస్సెక్కితే మధ్యాహ్నానికి వెళ్ళి చూసి రాగలిగిన దూరంలో ఉన్న ఈ అనుభవం మన అధికారులకు పనికిరాదనుకోను.

మా పేటకు నేను కోరేది మరింత నిర్దిష్టమైనది. వీధి వైపు ఒక గది లోతు, అంటే దుకాణమూ దాని మీది అంతస్తూ, పాత ఎత్తులో పాత ముఖంతో నిలవాలి. దాని వెనుక, మండువా దాటిన తర్వాత, స్థలం యజమాని కొత్త కట్టడం లేపుకోవచ్చు. అందులో లిఫ్టు, స్నానాలగదులు, ఇప్పటి కాలానికి తగిన పునాది అన్నీ ఉండవచ్చు. పొడవైన స్థలాలకు ఇది చక్కగా కుదురుతుంది. మండువాను తెరిచే ఉంచితే రెండింటికీ వెలుతురు వస్తుంది, వాననీరు నూతిలోకి దిగుతుంది. పక్క స్థలాలు కలపవలసివస్తే కలపవచ్చు గాని, వీధిముఖం మీద దుకాణాల గడపలు పూర్వం ఎన్ని ఉండేవో అన్నీ ఉండాలి. ఇలా చేసినవారికి వాహనాలు నిలిపే చోటు చూపమనే నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వాలి. సన్నని స్థలంలో కార్లకు చోటు చూపమనడమే కింది అంతస్తును చంపుతోంది. బ్రాడ్వే బస్టాండు స్థానంలో బస్సులూ దుకాణాలూ వాహనాల నిలుపుదలా కలిసిన పెద్ద కేంద్రం కడుతున్నారు. హైకోర్టు, మన్నడి మెట్రో స్టేషన్లు నడిచే దూరంలో ఉన్నాయి. కార్లు పేట అంచున ఆగిపోవడానికి ఇంతకంటే మంచి వీలు మళ్ళీ రాదు. ఈ కేంద్రాన్నీ మెట్రోనూ నేను మనసారా స్వాగతిస్తాను. అభివృద్ధి అంచున పెద్దగా లేస్తే, లోపలి వీధులు తమ కొలతలో మిగలగలవు.

దీనికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందని అడిగేవారికి చెప్పగలిగిన మాట ఇది. ఊరి మిగతా భాగాలలో అదనపు ఎఫ్.ఎస్.ఐ. కొనుక్కునేవారు సర్కారుకు ప్రీమియం కడుతున్నారు. ఆకాశాన్ని అమ్మి వచ్చిన ఆ డబ్బులో చిన్న భాగం, అదే ఊళ్ళో ఆకాశాన్ని వదులుకోమని మనం అడుగుతున్న వీధులకు వెళ్ళడం న్యాయం. ఈ పేటకు వాల్‌ట్యాక్స్ రోడ్డు అని ఒక వీధి ఉంది. హైదరలీ భయంతో పట్నం చుట్టూ లేపిన గోడ ఖర్చును నివాసులే భరించాలని కంపెనీ తలపెట్టిన పన్ను పేరు దానికి నిలిచిపోయింది. ఆ పన్ను వసూలు కాలేదంటారు. ఊరందరి కోసం కట్టినదానికి ఒక పేటవారినే డబ్బడగడం అప్పుడే జనానికి నచ్చలేదు. వారసత్వం పేరుతో ఇప్పుడు ఒక ఇంటివారినే భరించమనడం అంతకంటే భిన్నమేమీ కాదు.

తెలుగువాడిగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. పట్నం తెలుగువారిదని గుండెలు చరుచుకునే వ్యాసాలు మనకు కొదవలేదు. బేరి తిమ్మన్న నుంచి తంబుచెట్టి వీధి ఆంధ్రపత్రిక దాకా, కొత్వాల్ చావడి కన్యకాపరమేశ్వరి దేవస్థానం నుంచి రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు ప్రాణాలు విడిచిన ఇంటి దాకా చెప్పుకోవలసినవి చాలా ఉన్నాయి, చెప్పుకోవాలి కూడా. విజయనగరం ఆనందగజపతి రాజు 1883లో శంకుస్థాపన చేసిన విక్టోరియా పబ్లిక్ హాలుకు కార్పొరేషను ఇటీవల పెద్దయెత్తున మరమ్మతులు చేయించడం చూసి నేను ఎంతో సంతోషించాను. కాని మా వీధిలో ఇప్పుడు తెలుగు ఇళ్ళకంటే మార్వాడీల, గుజరాతీల ఇళ్ళు ఎక్కువ. మన్నడి వైపు తమిళ ముస్లిములైన మరక్కాయర్లు, ఆర్మీనియన్ వీధిలో ఆర్మీనియన్లు పోయినా వారి చర్చి, అన్ని వీధుల్లో తమిళులు. తెలుగు కుటుంబాలు వాటాలు అమ్ముకుని అన్నానగర్‌కో హైదరాబాద్‌కో వెళ్ళిపోయి, దూరం నుంచి పాత పట్నాన్ని తలచుకుని బాధపడటంలో పేటకు ఒరిగేది ఏమీ లేదు. మన ముత్తాతలు కట్టిన మిద్దెకింద ఇప్పుడు కాపురం ఉంటున్నవాడు జైన వ్యాపారి అయితే, ఆ మిద్దె మరమ్మతుకు సాయం అందవలసింది అతనికే. మనవాళ్ళ సంఘాలూ దేవస్థానాలూ తమ పాత కట్టడాలను ముందు సున్నంతో బాగుచేసి చూపితే, ఆ పని నేర్చిన మేస్త్రీలు అందరి ఇళ్ళకూ దొరుకుతారు.

మా ఇంటి సంగతి ఇంకా తేలలేదు. పోయిన వేసవిలో ఒక బిల్డరు పక్కిల్లు కూడా కలిపి తీసుకుంటానని వచ్చాడు. అతను చూపిన నక్షాలో కింద అంతా నిలుపుదల స్థలం, పైన గోదాములు, పెద్దమ్మకు అంబత్తూరు దగ్గర ఒక ఫ్లాటు. పెద్దమ్మ అంబత్తూరు వెళ్ళనన్నది. ఆమె దేవళమూ ఆమె మందుల దుకాణమూ ఆమె మాట్లాడే మనుషులూ అందరూ ఆ వీధిలోనే ఉన్నారు. నేను ఒక ఆర్కిటెక్టుతో ముందు భాగం నిలుపుతూ వెనుక నాలుగంతస్తులు వచ్చే నక్షా గీయించి పెద్దన్నయ్యకు పంపాను. అతను రాత్రంతా లెక్కలు వేసి, బిల్డరు ఇచ్చేదానికీ దీనికీ మధ్య తేడా ఎంతో ఒక కాగితం మీద రాసి పంపాడు. ఆ తేడా మా వాటాదార్లలో ఎవరూ ఒంటిగా భరించగలిగినది కాదు. ప్రీమియం డబ్బులోంచో, టి.డి.ఆర్. అమ్మకంలోంచో, తక్కువ వడ్డీ అప్పుగానో అది వచ్చే దారి ఉంటే అతను సంతకం పెడతానన్నాడు. వారసత్వ సంఘం పేటలో జాబితా తయారుచేయడానికి వచ్చినప్పుడు, భవనం వయసూ శైలీ రాసుకునే కాలమ్‌లతో పాటు, యజమానులు ఎందరు, అద్దె ఎంత, మిద్దె స్థితి ఏమిటి, నిలపడానికి ఎంత డబ్బు లోటు పడుతుంది అని అడిగే కాలమ్‌లు కూడా పెట్టమని మా వీధి వాళ్ళం కలిసి ఒక అర్జీ రాస్తున్నాం. మా ఇంటి లెక్కల కాగితం దానికి మొదటి జతపత్రంగా పెడుతున్నాం. పక్కింటివారు తమది ఇస్తామన్నారు.